కివిసిల్లా కౌన్సిలర్ అన్నపూర్ణేశ్వరి

ఎస్టోనియా దేశంలో కివిసిల్లా అని ఓ చిన్న పట్టణం. దాని మున్సిపాలిటీకి ఎన్నికల సాఫ్ట్‌వేర్ రాసింది గుర్గావ్‌లోని మా కంపెనీ. దాన్ని పరీక్షించే పని నాది. అభ్యర్థుల జాబితాలో ఉత్తుత్తి పేరొకటి పెట్టి చూడాలి. అందరూ ఏబీసీ, ఎక్స్‌వైజెడ్ అని కొడతారు. ఆ పొద్దున్నే అత్తయ్యగారు ఉప్మాలో ఉప్పెక్కువైందని నన్ను కడిగిపారేశారు. కసికొద్దీ ఆవిడ పేరే కొట్టాను. తర్వాత తీసెయ్యడం మరిచిపోయాను.

ఆవిడ గెలిచారు!

ఎలాగంటే ఏం చెప్పను, నా మొహం! మిగతా అభ్యర్థులంతా ఊళ్ళో ఎవరో ఒకరితో తగాదా పడ్డవాళ్ళే. అన్నపూర్ణేశ్వరి ఎవరో ఎవరికీ తెలియదు కాబట్టి ఆవిడ మీద ఎవరికీ కోపం లేదు. ఎగబడి ఓట్లేశారు.

మా మేనేజరు పార్థసారథికి ముచ్చెమటలు పోశాయి.

"సోమవారం కౌన్సిల్ మీటింగ్‌లో మీ అత్తగారు రిజైన్ చెయ్యాలి. లేదంటే నువ్వు చెయ్యాలి. ఠీక్ హై?" అన్నాడు.

ఏం ఠీకు? మా ఇల్లు సగం నడిచేది నా జీతంతోనే. ఇందిరాపురంలో ఇల్లు చేరేసరికి ఏడుపొక్కటే తక్కువ. సంగతంతా చెబితే అత్తయ్యగారు మాత్రం ససేమిరా అన్నారు.

"మన అపార్ట్‌మెంట్ సొసైటీ మీటింగులో నీళ్ళ ట్యాంకు గురించి నోరెత్తితే, 'ఆంటీజీ, బైఠియే' అన్నారమ్మాయ్. కూర్చుందామని చూస్తే కుర్చీ లేదు! వీళ్ళెవరో పాపం, పిలిచి కుర్చీ వేశారు. నేను దిగను."

"మంచు తప్ప వేరే సమస్య లేని ఊరండీ అది. మీరెప్పుడైనా మంచు చూశారా?"

"ఫ్రిజ్‌లో చూళ్ళేదూ? పావుగంటలో గీకి పారేస్తాను."

నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ లేచి మంచినీళ్ళు తెచ్చి నా చేతిలో పెట్టారు.

"సరేలే, ఊరుకో. దిగిపోతాను" అన్నారు చివరికి.

సోమవారం పట్టుచీర కట్టుకుని వెబ్‌క్యామ్ ముందు కూర్చున్నారు. వాళ్ళ ఇంగ్లీషు ఆవిడకీ, ఆవిడ తెలుగు వాళ్ళకీ చెప్పడం నా వంతు. చివరగా ఏమైనా చెబుతారా అని మేయరు అడిగాడు.

"ఎవరి గుమ్మం ముందు మంచు వాళ్ళే తీసుకోవాలటగా? ఒంటరి ముసలాళ్ళకి ఎవరు తీస్తారు? ముందది రాసుకోండి నాయనా" అన్నారు.

అందరూ బుద్ధిగా రాసుకున్నారు. ఒక్కడూ బైఠియే అనలేదు.

తర్వాత ఆవిడ రాజీనామాను ఓటుకి పెట్టారు. కౌన్సిలు సగానికి సగం చీలింది. ఇక తేల్చాల్సింది ఆవిడ ఓటేనన్నాడు మేయరు. ఆవిడ నా వైపు చూశారు. కళ్ళనిండా నీళ్ళు. దిగిపోతానన్నట్టు మెల్లగా చెయ్యి ఎత్తబోయారు.

నాకేమైందో నాకే తెలియదు. ఆ చెయ్యి పట్టుకుని గబుక్కున కిందికి లాగేశాను. ఆవిడ దిగరని ఇంగ్లీషులో అరిచాను.

కివిసిల్లాలో చప్పట్లు మోగాయి. నా సెల్‌ఫోన్‌ కూడా మోగింది. మీటింగ్ చూస్తున్న పార్థసారథి. నా ఉద్యోగం అక్కడికక్కడే ఊడింది.

అత్తయ్యగారు కొంగుతో కళ్ళు తుడుచుకుని, నా చెయ్యి వదలకుండానే అన్నారు.

"పోతే పోయిందిలే వెధవ ఉద్యోగం. నాకు సెక్రటరీవి నువ్వే. రేపు తొమ్మిదింటికల్లా డ్యూటీలో ఉండాలి. ఆలస్యమైతే మాత్రం ఊరుకునేది లేదు."