నాలుగు వారాల ప్రశ్న

సర్వే పని మీద నెలకోసారి నేను ఒక సందులోని ఎనిమిది ఇళ్ళకు వెళ్తాను. పోయిన వారం ఎవరు పనిచేశారు, ఎవరు చేయలేదు, చేయనివాళ్ళలో పని వెతుకుతున్నది ఎవరు అని రాసుకుంటాను. ఇలాంటి సందులు రాష్ట్రమంతటా కొన్ని వందలు ఉన్నాయట. ఆ కాగితాలన్నీ ఒకచోట చేరి నెలాఖరుకు ఉద్యోగాల లెక్కగా బయటికి వస్తాయి. ఒకే ఇంటికి వరుసగా నాలుగు నెలలు వెళ్ళాలి. ఇది మూడో నెల.

మొదటి నెలలో ఆ సందులో పదకొండు మంది పని వెతుకుతున్నామన్నారు. అందరూ కాలువ అవతల సంచులు కుట్టే షెడ్డులో చేసినవాళ్ళే. షెడ్డు మూతపడి ఇంటికొచ్చారు. ఎక్కడెక్కడ అడిగారో, ఎవరేమన్నారో నేను అడగకుండానే చెప్పారు. ఒకావిడ తిరిగి తిరిగి అరిగిన చెప్పులు తెచ్చి చూపించింది. రెండో నెలకు నలుగురు తగ్గారు. మూడో నెలలో ఒక్కరూ మిగలలేదు. గత నాలుగు వారాల్లో పని కోసం వెతికారా అని అడిగితే, ఎనిమిది గడపల్లోనూ కూడబలుక్కున్నట్టు ఒకటే మాట. లేదమ్మా, ఇంట్లోనే ఉంటున్నాం.

పని దొరికి తగ్గి ఉంటే సంతోషించేదాన్ని. ఎవరికీ దొరకలేదు. కానీ మా కాగితంలో పని వెతకనివాళ్ళు నిరుద్యోగులు కారు. వాళ్ళకు చివర్లో వేరే గడి ఉంది. అందులో పడ్డవాళ్ళు ఆ లెక్కలోంచి జారిపోతారు. అలా ఒక్కరికీ పని దొరక్కుండానే ఆ సందులో నిరుద్యోగం సున్నా అయింది.

పైగా వాళ్ళు ఇంట్లోనే ఉంటున్నారన్నది అబద్ధం. నేను ఉండే గది కిటికీలోంచి బస్టాపు కనిపిస్తుంది. వరుసగా మూడు రోజులు పొద్దున్నే అక్కడ వాళ్ళను చూశాను. కత్తెరక్క కూడా ఉంది. షెడ్డులో ఇరవై ఏళ్ళు గుడ్డ కత్తిరించిందని అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. బొటనవేలి మొదట్లో కత్తెర ఒరుసుకుని కాయ కాచింది. నాలుగో రోజు నేను బస్టాపుకు దిగి వెళ్తే, పని అడిగేచోట చూపించే నమూనా సంచిని వీపు వెనక్కి దాచుకుని నాకు తెలియని మనిషిలా అటు తిరిగి నిలబడింది.

ఎవరో నేర్పారని అప్పుడే అనుకున్నాను. ఎవరు, ఎందుకు అన్నది మాత్రం తెలియలేదు.

ఆఫీసులో అనుమానం నా మీదికే వచ్చింది. మా సూపర్‌వైజరు నోరు తెరిస్తే సున్నా పాయింటు ఇంత అంటాడు. అందుకని ఆయనకు మేము దశాంశం అని పేరు పెట్టుకున్నాం. ఆయన నా ఎనిమిది ఫారాలనూ బల్ల మీద పేకముక్కల్లా పరిచాడు. చేతిరాత ఒకటే, సరే, జవాబులు కూడా ఒకటేనా అన్నాడు. ఫ్యాను కింద కూర్చుని రాశావా అని అడగలేదు గానీ, అడిగినంత పని చేశాడు. ఆయన్ని తప్పుపట్టలేను. ఇళ్ళకు వెళ్ళకుండా ఫారాలు నింపేవాళ్ళు మాలో లేకపోలేదు. పోయిన ఏడాది ఒకతను చనిపోయిన ముసలాయన చేత కాగితం మీద నాలుగు నెలలూ ఉద్యోగం చేయించాడు.

"గురువారం నేనే వెళ్ళి అడుగుతా. అందాకా నువ్వు ఆ సందులో అడుగుపెట్టకూడదు. తేడా వచ్చిందంటే వచ్చే నెల నుంచి నువ్వు రానక్కర్లేదు," అన్నాడు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. సందులో వాళ్ళు ఆయనకూ అదే అబద్ధం చెబితే నా ఉద్యోగం నిలుస్తుంది. నిజం చెబితే నేను దొంగనవుతాను. నోరు మూసుకుని కూర్చోవడమే నాకు మంచిది. కానీ ఎవరు నేర్పారన్నది చెప్పులో రాయిలా గుచ్చుకుంటూనే ఉంది. బుధవారం మధ్యాహ్నం కత్తెరక్క ఇంటికి వెళ్ళాను.

ఆమె అత్త గుమ్మంలో కూర్చుని పాత చొక్కాల గుండీలు కత్తిరించి డబ్బాలో వేస్తోంది. నన్ను చూసి, "వచ్చిందమ్మా నీ లెక్కల చెల్లెలు. ఈసారి ఎవరి కొంప ముంచాలో రాసుకుపోవడానికి," అంది లోపలికి వినపడేలా.

కత్తెరక్క బయటికొచ్చింది, కూర్చోమనలేదు. పొద్దున్నే బస్టాపులో ఉంటూ ఇంట్లో ఉంటున్నామని ఎందుకు చెప్పారని అడిగాను. ఆమె ఫారాలున్న నా సంచి వైపు వేలు చూపించింది.

"మొదటి నెల నువ్వు రాసుకెళ్ళావు. పదిరోజులు తిరక్కుండా మేనేజరు ముగ్గుర్ని పిలిపించాడు. వేరే చోట్ల పని అడుగుతున్నారటగా, రేపు షెడ్డు తెరిచినా మీకు చోటు లేదు పొండన్నాడు. వాడికెవరు చెప్పారు? మా గుమ్మాలెక్కి పేర్లు రాసుకుపోయింది నువ్వొక్కదానివేగా?"

గుమ్మడికాయ దొంగ అనగానే భుజాలు తడుముకున్నట్టు, ఏ తప్పూ చేయకుండానే సంచి గట్టిగా పట్టుకున్నాను. తరవాత ఖాళీ ఫారం తీసి ఆమె చేతికిచ్చాను. వేలు పెట్టి ఒక్కొక్క వరసా చదివింది. ఇది షెడ్డుకు పోదని, చివరి గడిలో పడితే మీరు లేనట్టేనని చెప్పాను. ఆమె ముఖంలో నమ్మకం కనిపించలేదు.

"పని అడగడానికి వెళ్ళినచోట, ఇదివరకు ఎక్కడ చేశారని అడిగారా అక్కా?"

"అడగరా మరి. చెప్పాం. షెడ్డు ఫోను నంబరు కూడా ఇచ్చాం, మా పని ఎలాంటిదో కనుక్కోమని."

ముందు అత్తకు తట్టింది. గుండీల డబ్బా పక్కన పెట్టేసి పకపకా నవ్వింది. "ఆ ఫోనెత్తేది మేనేజరేగా! తాళంచెవి మీరే దొంగ చేతికిచ్చి, దారినపోయే పిల్లను పట్టుకున్నారే!"

కత్తెరక్క నవ్వలేదు. "అదీ అయ్యుండొచ్చు. నువ్వూ అయ్యుండొచ్చు," అంది.

రేపు మా పై అధికారి వస్తాడని మాత్రం చెప్పి వెనుదిరిగాను. ఏం చెప్పాలో చెప్పలేదు. నా ఉద్యోగం సంగతీ ఎత్తలేదు. ఎత్తితే జాలిపడి అబద్ధమే చెబుతుందేమోనని భయం. ఎత్తకపోతే నిజం చెబుతుందేమోనన్న భయమూ ఉంది.

గురువారం నన్ను కరెంటు స్తంభం దగ్గరే నిలబెట్టి దశాంశం ఒక్కడే కత్తెరక్క గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. మాటలు వినిపించవు గానీ చేతిలోని ఫారం కనిపిస్తోంది. వెతకడం లేదంటే మూడు పేజీలు ఒకేసారి తిప్పాలి. ఆయన ఒక్క పేజీయే తిప్పి రాయడం మొదలుపెట్టాడు. రాస్తూనే ఉన్నాడు. కత్తెరక్క నిజమే చెప్పిందన్నమాట.

రెండో ఇంట్లోనూ అంతే. మూడో ఇంట్లోనూ అంతే. నాలుగో ఇంటావిడ ఆయన ప్రశ్న పూర్తికాకముందే, వెతుకుతున్నాం సార్ అని సందంతా వినిపించేలా చెప్పింది. అక్కడి నుంచి ఆయన నడక మారింది. ఎనిమిదీ ముగించుకుని నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"పోయిన వారం అందరిదీ ఒకటే మాట. ఇవాళా అందరిదీ ఒకటే మాట. మధ్యలో నువ్వు వచ్చావా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఈ సందులో ఇప్పటికే చాలా అబద్ధాలు రాసుకున్నాను. "వచ్చానండీ, నిన్న," అన్నాను.

కత్తెరక్క అప్పటికే మా వెనక వచ్చి నిలబడింది. ఆ పిల్ల ఏం చెప్పమనలేదని, అప్పుడు అబద్ధమాడింది తామేనని ఆయనతో చెప్పింది. అదీ నేర్పిందేనా అన్నట్టు ఆయన నావైపు చూశాడు. అరుగు మీద కూర్చుని తెల్లకాగితం మీద నాలుగు వరసలు రాసి, సంతకం పెట్టమని నాకిచ్చాడు.

చదివాను. ముందురోజు సందుకు వచ్చానని మొదటి వరసలో ఉంది. పని వెతుకుతున్నామని చెప్పమని ఇంటింటికీ నేర్పానని తక్కిన మూడు వరసల్లో ఉంది. సంతకం పెడితే ఆ పదకొండు మందినీ నేనే పుట్టించానన్నమాట. వాళ్ళ పేర్లు మళ్ళీ చివరి గడిలోకి పోతాయి.

"పెట్టెయ్. పాత ఫారాలే పంపిస్తాను, నీ మీద పైకి ఏమీ రాయను. నెల లెక్క ఎల్లుండి వెళ్ళాలి," అన్నాడు మెత్తగా.

ఆ మెత్తదనానికే నాకు భయమేసింది. పెన్ను తీసుకుని ఆ మూడు వరసలూ కొట్టేశాను. ఈ సందులో పదకొండు మంది పని వెతుకుతున్నారని, బస్టాపులో వాళ్ళను నా కళ్ళతో చూశానని కింద రాసి సంతకం చేశాను. మెడలోని గుర్తింపు కార్డు తీసి కాగితంతోపాటు ఇచ్చాను.

ఆయన కార్డును సంచిలో వేసుకున్నాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"అది లెక్కలోకి పోయే కాగితమేనా?" అంది కత్తెరక్క. ఆయన్ని కాదు, నన్నే అడిగింది.

తెలియదన్నాను.