నాలుగో పాఠం

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నది నలుగురు: కాలేజీలో గణాంకశాస్త్రం చెప్పే పిన్ని, రికార్డింగు కోసం ఫ్యాను ఆపినప్పుడల్లా ఉడికిపోతున్నానని గొణిగే బాబాయి, చెవులు మందగించినా అందరి మాటలూ తనకే కావాలనే అమ్మమ్మ, పల్లెటూరి బడిలో చదువు ముగించి పై చదువుకని వాళ్లింట్లో ఉంటున్న పిట్ట. పిట్టంత గొంతు కాబట్టి ఆ పేరు బాబాయే పెట్టాడు. పిన్ని కంప్యూటర్ తెర మీద గళ్లుగళ్లుగా కూర్చున్న విద్యార్థులనూ కలుపుకుంటే ఇల్లు కిక్కిరిసినట్టే.

పిన్నిది కొత్త పద్ధతి. కొన్ని పాఠాలు ఇంటి దగ్గర వీడియోలో చూసుకోవాలి, కొన్ని తరగతిలో వినాలి. ఏది ఎక్కడో తేల్చడానికి ప్రతి వీడియోనూ ముందు పిట్టకు చూపించేది. కింద రెండు మీటలు: 'అర్థమైంది', 'మళ్లీ చెప్పండి'. రెండోది నొక్కితే ఆ పాఠం తరగతికి వెళ్లేది.

నాలుగో పాఠం పిట్ట బుర్రకెక్కలేదు. వెనక్కి తిప్పి తిప్పి చూసింది. కానీ ఆ పాఠం కోసం పిన్ని బయటి చప్పుడు రాకుండా కిటికీలకు దుప్పట్లు కట్టుకుని, చెమటలు కక్కుతూ, గొంతు బొంగురుపోయేదాకా చెప్పడం తలుపు సందులోంచి చూసింది. మళ్లీ చెప్పమనడానికి మనసొప్పలేదు. 'అర్థమైంది' నొక్కేసింది.

దాంతో ఆ పాఠానికి తరగతి లేకుండా పోయింది. పరీక్షలో సగంమంది అక్కడే బోల్తాపడ్డారు. ఇప్పుడు తెర మీద నడుస్తున్నది ఆ గొడవే.

"మేడం, నాలుగోది ఒక్కసారి క్లాసులో చెప్పండి," కుట్టుమిషను పక్కన కూర్చున్న ఒక అమ్మాయి అడిగింది. "ఎంత చూసినా తలకెక్కట్లేదు."

"చూశావా, వీడియో పెట్టి కునుకు తీశావా?" పిన్ని నవ్వింది. "మా అక్క కూతురు పల్లెటూరి బడిలో చదివింది. ఒక్కతే కూర్చుని చూసి నేర్చేసుకుంది. రావే పిట్టా, చెప్పు వీళ్లకి."

"ఏమంటున్నారే?" అంది మంచం మీంచి అమ్మమ్మ.

"పాఠం అర్థం కాలేదట అమ్మా."

"నాకూ కాలేదు. నన్నెవరడిగారు?"

బాబాయి కిసుక్కున నవ్వాడు. పిట్టకు నవ్వు రాలేదు. అమ్మమ్మ అంత తేలిగ్గా అనేసిన మాట తన నోట ఎందుకు రాలేదో అనుకుంటూ వెళ్లి తెర ముందు నిలబడింది.

"చెల్లీ, నీకు నిజంగా అర్థమైందా?" అడిగింది కుట్టుమిషను అమ్మాయి. ఎగతాళేమీ లేదు, కాలేదంటే బాగుండునన్న ఆశ ఉంది.

'లేదక్కా' అన్నది నాలుక చివరిదాకా వచ్చింది. పిన్ని చెయ్యి వెచ్చగా భుజం మీద పడింది.

"అర్థమైందక్కా."

ఆ అమ్మాయి తల దించుకుంది. "అయితే నా బుర్రే మందం మేడం. మళ్లీ చూస్తాను." ఆమె గడి నల్లబడిపోయింది.

పిట్ట వంటింట్లోకెళ్లి నీళ్లు తాగింది, గ్లాసు కడిగింది, కడిగిందే మళ్లీ కడిగింది. వెనక్కి వచ్చేసరికి పిన్ని హుషారుగా కిటికీలకు దుప్పట్లు కడుతోంది.

"ఐదోది, ఆరోది కూడా వీడియోలోనే పెట్టేస్తానే. నువ్వున్నావుగా నాకు."

"పిన్నీ, ఆ నాలుగో పాఠం..."

"తర్వాత మాట్లాడుకుందాం తల్లీ. అమ్మమ్మని దగ్గొద్దను. ఫ్యాను ఆపమను మీ బాబాయిని."

బుగ్గ మీద ఒకసారి తట్టి, పిన్ని తలుపు మూసేసింది.