దానమిచ్చిన మైళ్ళు

మా అన్నయ్య అచ్చిబాబు రొయ్య పిల్లల హేచరీలు పెట్టించే టెక్నీషియన్. ఏడాదిలో సగం విమానాల్లోనే గడిచిపోయేది. తిరిగిన దూరానికి విమాన కంపెనీ మైళ్ళు జమ వేసేది. ఆ మైళ్ళు పెట్టి మళ్ళీ టిక్కెట్టు తీసుకోవచ్చు. వాటిలో కొన్ని శ్యామలాంబ వదిన పేరన కూడా వేయించాడు, ఎప్పటికైనా విమానంలో కాశీ తీసుకెళ్తానని. వదిన ఆ సంగతి ఎవరితోనూ అనేది కాదు. కానీ పైన విమానం చప్పుడైతే చేతిలో పని ఆగిపోయేది.

మైలు విలువ అన్ని దేశాల్లోనూ ఒకటి కాదని అన్నయ్య నాకోసారి చెప్పాడు. ఒకచోట గుప్పెడు మైళ్ళకి సముద్రం దాటిస్తారట. ఇంకోచోట అన్నే పెడితే పక్క ఊళ్ళో దించేస్తారట. పూర్వం మన గోదారి లంకల్లో ధాన్యం కొలవడానికి ఊరికో కుంచం ఉండేది చూడు, అలాగేనన్నాడు. కొలిచేవాడి దయ.

పోయిన వేసవిలో హేచరీ పని మీద ఈక్వడార్ వెళ్ళినప్పుడు సముద్రంలో పడవ తిరగబడింది. అన్నయ్య దొరకలేదు. వెతకడం ఆపేశామని అక్కడివాళ్ళు కబురు పెట్టాక, మేమూ కొన్నాళ్ళు చూసి, దర్భలతో బొమ్మ చేసి కోటిపల్లి రేవు ఒడ్డున దహనం చేశాం.

దానాల రోజున పురోహితులు భాస్కరం గారి ముందు గొడుగు, చెప్పులు, చెంబు పెట్టాం. పోయినవాళ్ళ దారిలో ఎండా ముళ్ళూ ఉంటాయని ఇస్తారు. వదిన లోపలికి వెళ్ళి, అన్నయ్య ఇంట్లో వదిలేసిన మైళ్ళ కార్డు తెచ్చి చెప్పుల మీద పెట్టింది.

"ఇదేంటమ్మా?" అన్నారాయన.

"ఆయన ఏనాడు నడిచి వెళ్ళారండీ, చెప్పులతో పనుండటానికి?"

పెద్దవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. భాస్కరం గారు మాత్రం కాస్త ఆలోచించి, దాని మీద తులసి వేయించి నీళ్ళు వదిలించారు. కార్డు ఆయన సంచిలోకి వెళ్ళిపోయింది.

మొదటి మాసికం అయిన మర్నాడు వదిన ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. అన్నయ్య ఖాతాలో మైళ్ళు తగ్గాయి. ఈక్వడార్ నుంచి పనామాకి ఒక టిక్కెట్టు.

అన్నయ్య కూతురు హారతి రాజమండ్రిలో ట్రావెల్స్ ఆఫీసులో చేస్తోంది. ఎవడో దొంగ వాడేస్తున్నాడు, ఖాతా ఆపించేద్దాం బాబాయ్ అంది. కంపెనీకి ఫోన్ చేశాను. ఆ ప్రయాణికుడు ఎక్కాడనీ, దిగాడనీ ఒకమ్మాయి మర్యాదగా చెప్పింది. పేరడిగితే మా అన్నయ్య పేరే చెప్పింది. కిటికీ పక్క సీటు. భోజనం వద్దన్నాడట. అన్నయ్య ఆకలికి ఆగే మనిషి కాదు. పాస్‌పోర్టు మనిషితోపాటే సముద్రంలో పోయింది కదమ్మా అన్నాను.  అవతల ఫోన్ కట్టయింది.

భాస్కరం గారింటికి వెళ్ళి సంగతి చెప్పాను. ఆయన సంచి దించి చూపించారు. గొడుగు పొడిగా ఉంది. చెప్పులు పొడిగా ఉన్నాయి. కార్డు తడిగా ఉంది. అంచుల వెంట ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది.

"గొడుగు చేరుతుందని నమ్మే కదా గణేష్‌బాబూ ఇస్తాం. ఇదీ చేరింది," అన్నారు.

ఆపించేస్తే ఏమవుతుందని అడిగాను.

"దారిలో నిలిచిపోతాడు. అటూ కాడు, ఇటూ కాడు."

బతికే ఉన్నాడంటారా అన్నాను.  కర్మ జరిగిపోయినవాడు ఎలా వచ్చినా సరే, వీధిగుమ్మంలోంచి మాత్రం రానివ్వద్దని, పెరటివైపు నుంచి తీసుకురమ్మని చెప్పారు. చెబుతూ కార్డుని పైపంచెతో తుడిచారు. చూస్తుండగానే అది మళ్ళీ చెమర్చింది.

ఇంటికొచ్చి ఆ మాట చెప్పాను. హారతి ఖాతా ఆపించడం గురించి మళ్ళీ ఎత్తలేదు.

పనామా నుంచి యూరప్ దాటేసరికి మైళ్ళు చాలావరకు కరిగిపోయాయి. అక్కణ్ణుంచి దోహా వచ్చాడు. దోహాలో ఆగిపోయాడు. ఇక మిగిలింది చిన్న ప్రయాణమే గానీ, ఈ దారికి గిరాకీ ఎక్కువ, ఇక్కడ మైలు బొత్తిగా చవకైపోతుంది అని హారతి చెప్పింది. అంత దూరం తెచ్చిన కుంచం ఇంటి దగ్గర చిన్నదైపోయింది. రోజూ పొద్దున్నే మెసేజ్ వచ్చేది, టిక్కెట్టుకి ప్రయత్నించారు, మైళ్ళు చాలవు అని. వదిన అన్నం ముందు కూర్చుని ఫోన్ చూస్తూ లేచిపోయేది.

ఒకరోజు హారతిని పిలిచింది.

"నా పేరునున్నవి ఆయనకి వేసెయ్యవే."

హారతి ఫోన్ తీసి మళ్ళీ కింద పెట్టింది. "వచ్చేది నాన్న కాకపోతే, అమ్మా?"

"అయితే? పరాయి ఊళ్ళో ఎన్నాళ్ళు కూర్చుంటారే?"

"మరి నీ కాశీ?"

"గోదారి ఎక్కడికీ పోలేదుగా."

హారతి కళ్ళు తుడుచుకుని ఫోన్ నొక్కింది. ఆ సాయంత్రమే టిక్కెట్టు అయినట్టు వచ్చింది. దోహా, హైదరాబాద్, రాజమండ్రి.

రాజమండ్రి దగ్గర మధురపూడి విమానాశ్రయానికి నేనూ వదినా వెళ్ళాం. మిట్టమధ్యాహ్నం. విమానంలోంచి వచ్చినవాళ్ళు పూలదండలతో, పిల్లలతో, పెట్టెలతో బయటికి వచ్చి వెళ్ళిపోయారు. లోపల ఇంకెవరైనా ఉన్నారా అని అడిగితే అందరూ దిగిపోయారండి అన్నారు. వదిన గుమ్మం వైపే చూస్తోంది. కాసేపటికి ఎవరికో దారి ఇచ్చినట్టు పక్కకి జరిగింది. తర్వాత నావైపు తిరిగి, ఇక వెళ్దాం అంది.

కారులో ఎప్పుడూ నా పక్కన కూర్చునే మనిషి వెనక కూర్చుంది.  బండి రోడ్డెక్కగానే బెల్టు పెట్టుకోలేదని బీప్ మొదలైంది. నాది పెట్టుకునే ఉన్నాను. పక్క సీటు మీద సంచీ లేదు, ఏమీ లేదు. బీప్ ఆగలేదు.

"పెట్టు గణేష్‌బాబూ," అంది వదిన వెనకనుంచి.

బండి పక్కకి ఆపి, ఖాళీ సీటు మీదుగా బెల్టు లాగి బిగించాను. బీప్ ఆగింది. కానీ బెల్టు సీటుకి అంటుకోలేదు. అన్నయ్య బొజ్జ ఎంత ఎత్తుండేదో అంత ఎత్తులో నిలబడింది. జొన్నాడ వంతెన మీదకి వచ్చేసరికి ఆ సీటు పక్క కిటికీ అద్దం లోపలినుంచి చెమర్చింది. నా ముందున్న చిన్న అద్దంలో వెనకున్న వదిన కనిపించింది. గోదావరిని చూడటం లేదు, ఆ సీటు వీపునే చూస్తోంది.

ఇంటి దగ్గర బండిని సందులోంచి పెరటివైపు తిప్పాను. హారతి తలుపు తీసి పెట్టుకుని అక్కడే ఉంది. మమ్మల్నిద్దర్నీ చూసింది. తర్వాత బెల్టుని చూసింది. మొహం పాలిపోయింది. అయినా మెట్లు దిగి వచ్చి, ఆ సీటు వైపు తలుపు తనే తీసింది.