ఎడమచేతి మీద ఎనిమిది వేల దెబ్బలు

నేను ఒక షాక్‌వేవ్ యంత్రాన్ని. నాలుగు వారాలుగా నేను కొట్టిన ఎనిమిది వేల దెబ్బలూ జబ్బే లేని చేతి మీద పడ్డాయని ఆ మంగళవారం ఉదయం బయటపడింది.

పేరు విని కంగారు పడకండి. నాది కరెంటు షాకు కాదు. గాలి ఒత్తిడికి నా గొట్టంలోని చిన్న ఇనుప గుండు టకటకా కొట్టుకుంటుంది. ఆ అదురు చర్మం దాటి లోపలికి పోతుంది. నన్ను ఏదో చలిదేశపు ఫ్యాక్టరీలో బిగించారు. హైదరాబాదులో ఆరేళ్లపాటు పరుగుపందేల వాళ్ల మడమలు కొట్టాను. కొత్త మోడల్ రాగానే నన్ను అట్టపెట్టెలోకి ఎక్కించి నరసాపురం పంపేశారు. ఇక్కడి ఫిజియోథెరపిస్టు కరుణశ్రీ గోడకు 'షాక్' అన్న బోర్డు తగిలించిన రోజే ఇద్దరు గుమ్మంలోంచి వెనక్కి తిరిగారు. మనుషులు నొప్పితో ఏళ్ల తరబడి కాపురం చేస్తారు, వైద్యం పేరు వింటే మాత్రం హడలిపోతారు.

సత్యవేణి వెనక్కి తిరగలేదు. ముప్పై ఏళ్లుగా లేసు అల్లుతున్న మనిషి. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయి వేళ్లు మొద్దుబారాయి, సూది జారిపోతోంది. ఎముకల డాక్టరు నెల గడువిచ్చాడు: ఈలోగా తగ్గకపోతే ఆపరేషన్. కత్తి పడ్డాక వేళ్లకు పాత వాటం తిరిగొస్తుందో లేదోనని ఆవిడ దిగులు.

డాక్టరు చీటీలో ఏ చెయ్యో లేదు. కరుణశ్రీ అడిగితే ఎడమది చాపింది. తట్టి చూస్తే జివ్వుమంటోందని కూడా అంది. తన చెయ్యి తనే తప్పు చెబుతుందని ఎవరనుకుంటారు?

వారం వారం వచ్చేది. ఎలా ఉందంటే బాగుందనేది. కరుణశ్రీ మురిసిపోయి, డాక్టరుకు చూపించి ఆపరేషన్ తప్పిద్దామని నరాల పరీక్ష చేయించింది. ఎడమచెయ్యి నిక్షేపంగా ఉందని, కుడిచేతి నరమే బాగా నలిగిందని రిపోర్టు వచ్చింది. కుడి ఎడమలు తారుమారయ్యాయేమోనని ల్యాబుకు ఫోన్ చేసింది. కాలేదన్నారు. అప్పుడు సత్యవేణి కుడి చూపుడువేలు మీద సూది రాసుకుని కాసిన కాయ కరుణశ్రీ కంటపడింది. గడువు ఇంకా రెండు రోజులే.

"సూది పట్టేది ఏ చేత్తో పిన్నిగారూ?"

సత్యవేణి నా వంక చూసి చెప్పేసింది.

"నేనేనమ్మా, కావాలనే ఎడమది చాపాను. కొత్త రంగు దారం వస్తే బెత్తెడు ముక్క అల్లి, ఉతికి, రంగు దిగదని చూసుకున్నాకే అసలు పని మొదలెడతాం. ఎడమచెయ్యి ఉత్తినే దారం పట్టుకుంటాది, అది పోయినా నెట్టుకొస్తాను. కుడిది పోతే నేనేం చేసుకోవాలి? ఒక్కవారం చూసి చెప్పేద్దామనుకున్నాను. నువ్వేమో ప్రతిసారీ అంత మురిసిపోతుంటే నోరు రాలేదమ్మా. డాక్టరుగారికి ఫోన్ చెయ్యి. తప్పు నాదేనని చెప్పి ఇంకో నెల అడుగు. ఇదిగో, అసలు చెయ్యి."