చిప్పలు తీసేసిన తమాల్

రాజధాని నుంచి వచ్చిన పర్యటన కంపెనీకి ఇంజన్ పడవలు పనికిరావు. మడ చెట్లకు హాని అంటారు. అందుకే వాళ్ల అతిథులను నేను నా పడవలో గెడ వేసి సముద్రం పక్కనున్న చకావా సరస్సు దాటిస్తాను. రేవు దాకా మాత్రం వాళ్లు ఏసీ బండిలో వస్తారు.

అతిథుల భోజనానికి మా ఊళ్లో ఒక వంటిల్లు ఎంచుకుంటామన్నారు. మాది ఎంచుకోకపోతే ఇల్లు గడవదని, నా భార్య ఆల్బినా బతికినన్నాళ్లూ వండిన పాకను బీరు కొట్టుకు అద్దెకిచ్చేస్తానని నా కూతురు రుఫీనా తేల్చి చెప్పింది.

మడ వేళ్లకు నల్లటి ఆల్చిప్పలు పట్టుకుని పెరుగుతాయి. ఆల్బినా వాటిని చిప్పలతోనే మొక్కజొన్న పిండిలో పెట్టి, ఆకులో చుట్టి, ఆవిరి మీద తమాల్ ఉడికించేది. వేడికి చిప్ప నోరు తెరిచి తన ఉప్పునీరు పిండిలోకి వదులుతుంది. రుచంతా ఆ నీరే. తినేవాళ్లు చిప్పను చీకి అవతల పడేస్తారు.

వంట రుచి చూడ్డానికి వాళ్లు వచ్చే రోజు పొద్దున పాకలోకి వెళ్తే రుఫీనా చిప్పలు వలుస్తోంది. తీసేసిన ఖాళీ చిప్పలు ప్లాస్టిక్ సంచిలో ఉన్నాయి.

"ఏంటే ఈ పని?"

"కంపెనీ మేడం ఫాబియోలా గారు చెప్పారు నాన్నా. ఎవరి పన్నయినా విరిగితే ఎవరు జవాబు చెప్తారు?"

"మీ అమ్మ తమాల్ తిని ఎవడి పన్ను విరిగింది?"

"మనవాళ్లకు తినడం తెలుసు. వీళ్లు చిప్పతో సహా కొరికేస్తారు."

"కొరకనీ. బుద్ధొస్తుంది."

"నీకేం, గెడ పట్టుకుని పోతావు. పాక పోతే ఏడ్చేది నేను."

"నేను ఏడవనా?"

"నువ్వా? అమ్మ పోయిన రోజు కూడా డాక్టర్ని తిట్టావు గానీ ఏడవలేదు."

నేను బయటికి వచ్చేశాను.

మధ్యాహ్నం అతిథులు తిన్నారు. చాలా మెత్తగా ఉందన్నారు. ఫాబియోలా నన్ను పిలిచింది.

"నిసెఫోరో గారూ, ఇది మీ ఆవిడ వంటేనని మీ నోటితో ఒక్క మాట చెప్పండి. నేను వీళ్ల భాషలో చెప్తాను."

వెనక నుంచి రుఫీనా కళ్లతోనే బతిమాలింది.

"నా భార్య వంట కాదిది," అన్నాను. "ఆవిడ చిప్పలతో వండేది. ఇది పళ్లు లేనివాళ్ల తిండి. చిప్పలంటే భయపడేవాళ్లు సముద్రం దగ్గరికి ఎందుకొస్తారో!"

ఫాబియోలా తడబడుతూనే వాళ్లకు చెప్పింది. రుఫీనా మొహం పాలిపోయింది. అతిథులు ఒకరి మొహం ఒకరు చూసుకుని పగలబడి నవ్వారు. ఒకామె చప్పట్లు కొట్టింది.

ఫాబియోలా మొహం వెలిగిపోయింది. "మాకు కావాల్సింది ఇదేనండీ! మీ వంటిల్లే ఖాయం. ప్రతి శనివారం ఇలాగే చెప్పండి. ఆ కోపం మాత్రం తగ్గకూడదు."

"మరి చిప్పలు?"

"అవి వద్దులెండి."

పాక నిలిచింది. రుఫీనా నాతో ముక్తసరిగా మాట్లాడుతుంది. నేను అదీ మాట్లాడను. శనివారం అతిథులు తినడం కాగానే ఫాబియోలా నాకేసి తల ఊపుతుంది. చెప్తాను. పళ్లు లేనివాళ్ల తిండి అనగానే నవ్వుతారు. నిన్న ఒళ్లు మండి, "లేచి పొండి" అని అరిచాను.

ఇంకా ఎక్కువ నవ్వారు. వచ్చే వారం నుంచి ఆ మాట కూడా ఉండాలంది ఫాబియోలా.