తలుపు అడుగు రంధ్రాలు

నవంబరు తొమ్మిదో తేదీ పెంచలయ్యకు చాన్నాళ్లు గుర్తుండిపోయింది. ఆ పొద్దున సంగటి, ఊరుబిండి తిని కార్వేటినగరంలో కారు యజమాని దొరస్వామి షెడ్డుకు వచ్చాడు. నల్ల మోరిస్ కారు కింద గోనెపట్టా మీద వెల్లకిలా పడుకున్నాడు. పాతికేళ్లుగా అదే పని. చింతాకు అద్దం పక్క సందులోంచి తలుపులోకి జారి, అడుగునున్న మూడు చిన్న రంధ్రాలను మూసేస్తుంది. అప్పుడు వాన నీళ్లు లోపలే నిలిచి రేకు తుప్పు పడుతుంది. గొడుగు ఊసతో అతను రోజూ వాటిని తెరుస్తాడు.

ఇంటి కిటికీ వైపున్న ఎడమ తలుపు దగ్గర ఊస దిగలేదు. మూడు రంధ్రాలకూ ఎవరో లప్పం పెట్టారు.

తల తిప్పితే దొరస్వామి చెప్పులు కనిపించాయి. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో.

"నేనే మూసినా. వారం నుంచి కిటికీలోంచి సూస్తానే ఉండా. దినామూ ఆడ పొడస్తా ఉండావు."

"కంపెనీవోళ్లు పెట్టిన బొక్కలే సామీ అవి. నీళ్లు పోయేదానికి."

"కొత్త కుండకు బొక్క పెట్టి అమ్ముతారా యాడన్నా? తిరుపతి నుంచి బేరానికొచ్చినోడితో గుసగుసలాడింది సూసినాలే. బండి పాడైతే వానికి చవగ్గా వస్తాది."

"వాడు టీకొట్టు యాడని అడిగినాడు సామీ. నన్నేమన్నా అనుకోండి, లప్పం మాత్రం తీసెయ్యండి. తలుపు రాలిపోతాది."

"ముట్టొద్దు. ఇంగ రావద్దు."

పెంచలయ్య మెల్లగా బయటికి జరిగి, గోనెపట్టాను గోడవైపు లాగాడు. భార్య చనిపోయిన ఏడాది ఈ కారు కిందే పడుకుని ఏడ్చేవాడు. ఎవరూ చూడలేదు కదా అని ఇన్నాళ్లూ ఊరట. అదీ కిటికీలోంచి చూశారేమోనని ఇప్పుడు మొదటిసారి అనుమానం వచ్చింది. అడక్కముందే చేతిసంచి తిరగేసి దులిపి చూపించాడు. దొరస్వామి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆ మాత్రం దయకు మనసులోనే దండం పెట్టుకుని పెంచలయ్య వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం దొరస్వామి పుత్తూరులో పెళ్లికి కారు తీసుకుపోయి, వానలో తడిసి, దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చాడు. తను దిగిన కుడి తలుపు అడుగు నుంచి నీళ్లు సన్నగా కారుతున్నాయి. అటు తిరిగి ఎడమ తలుపు తీశాడు. లోపల నీళ్ల బిందె కదిలినట్టు చప్పుడైంది. మూసి, మళ్లీ తీశాడు. మళ్లీ అదే చప్పుడు.

వంగి తాళంచెవితో లప్పం గీకాడు. చింతాకు కలిసిన నీళ్లు బుడబుడమంటూ పాదాల మీద పడ్డాయి.

"పెంచలయ్యా..." అని అలవాటు కొద్దీ పిలిచి, నాలుక కరుచుకున్నాడు.

నీళ్లు గోడవైపు పారుతున్నాయి. అక్కడ పెంచలయ్య గోనెపట్టా పరిచి ఉంది. దొరస్వామి దాన్ని ఎత్తి పొడి చోట పరిచి, చప్పుడు కాకుండా షెడ్డు తలుపు మూశాడు. గోనెపట్టా మీద రెండు భుజాలు ఆనే చోట నార అరిగి, నేల కనబడుతోంది.