పురుగు పట్టిన మొక్కులు

ఆపిల్ చెట్ల మొదళ్లకు పాత గోనె ముక్కలు చుట్టిన పాపానికి తుర్దుబాయ్ తోట పుణ్యక్షేత్రమైపోయింది.

ఆయన ఉద్దేశం సీదాసాదాది. కాయను తొలిచిన పురుగు కడుపు నిండాక కిందికి దిగి, గూడు కట్టుకునే చోటు వెతుక్కుంటుంది. మోకాలెత్తున గోనె చుట్టి ఉంటే అందులో దూరుతుంది. దానికి రెక్కలు రాకముందే గోనె విప్పి కాల్చేస్తే రెండో విడత పురుగు పుట్టదు. కిందటేడు పంటను మింగింది ఆ రెండో విడతే. సంతకు తీసుకెళ్లిన కాయలను గాడిదలు కూడా వాసన చూసి వదిలేశాయి. ఈ ఏడూ అంతే అయితే చెట్లు కొట్టేసి బంగాళాదుంపలు వేస్తానని తుర్దుబాయ్ ఒట్టు పెట్టుకున్నాడు. అవి తండ్రి నాటిన చెట్లు. ఒట్టు పెట్టిన రోజు ఆయనకు రొట్టె సహించలేదు.

చెట్టుకు గుడ్డ కనిపిస్తే మొక్కుకోకుండా ముందుకు పోయే అలవాటు ఆ లోయలో ఎవరికీ లేదు. తప్పిపోయిన గుర్రాన్ని వెతుక్కుంటూ వచ్చిన ఉమ్సునాయ్ ముసలమ్మ గోనెలను చూసింది, తలగుడ్డ అంచు చింపి వాటి మీద ఓ ముడి వేసింది. ఇంటికెళ్లేసరికి గుర్రం వాకిట్లో మేత నములుతోంది. ఇంకేముంది, వారం తిరిగేసరికి ఊళ్లో ఆడవాళ్లంతా తోటలోనే. గోనెలు కనబడకుండా రంగురంగుల పీలికలు.

విప్పాల్సిన వేళకు తుర్దుబాయ్ కత్తి పట్టుకొని వెళ్తే, ముసలమ్మ చెట్టుకు అడ్డంగా కూర్చుంది.

"చెయ్యి తియ్యి నాయనా. అది నా మనవరాలి కాన్పు మొక్కు."

"గోనె నాది పిన్నీ. లోపలున్నది పురుగు."

"పైనున్నది నా ముడి. ఒకరి మొక్కు ఇంకొకరు విప్పితే చేతులు పడిపోతాయి."

"పడిపోతే పోనీ, కాయలన్నా మిగుల్తాయి."

"చేతుల్లేకుండా కోస్తావా ఏంటి?"

తుర్దుబాయ్ ఇంటికొచ్చి భార్య కాలీపా మీద విరుచుకుపడ్డాడు. ఎవరి మీదో కోపం ఇంటావిడ మీద చూపడం ఆయనకు కొత్త కాదు. ఆవిడ తీరిగ్గా టీ పోసి, "నువ్వు పురుగు సంగతి చెప్తే ఎవరికి కావాలి? మొక్కు సంగతి చెప్పాలి," అంది.

మర్నాడు కాలీపా అందరి ముందూ ఓ గోనె అంచు ఎత్తింది. లోపల బొద్దుగా, గులాబీ రంగు పురుగులు మెలికలు తిరుగుతున్నాయి.

"చూశావా అత్తయ్యా? పురుగు పట్టిన కాయ మనమే ముట్టుకోం. పురుగు పట్టిన మొక్కు పైవాడు ముట్టుకుంటాడా?"

ముసలమ్మ మొహం పాలిపోయింది. "మరిప్పుడెలాగే?"

"ధూపానికి వేసే అర్చా చెట్టు కొమ్మలేసి కాల్చేద్దాం. పొగైతే తిన్నగా పైకే పోతుంది. కొత్త ముడులు మీ మీ చెట్లకి వేసుకోండి, మోకాలెత్తున, గోనె చుట్టి. ఊరి కోరికలన్నీ మా చెట్లే మోస్తే వాటి నడుములు విరిగిపోవూ?"

సాయంత్రానికి మంట లేచింది. చేతులు పడిపోతాయన్న ముసలమ్మే అందరికంటే ముందు గోనెలు పీకింది. పూత నాటి నుంచీ గోనెలు చుట్టండని తుర్దుబాయ్ బతిమాలితే నవ్విన ఊరు, తెల్లారేసరికి ప్రతి చెట్టుకీ చుట్టేసింది. ఆయనకు సంతోషమూ వేసింది, ఒళ్లూ మండింది.

కానీ ఆయన మనసులో ఓ ముల్లు మిగిలింది. కాల్చిన గోనెల్లో కొన్ని గూళ్లు అప్పటికే ఖాళీగా ఉన్నాయి, లోపలివి రెక్కలొచ్చి ఎగిరిపోయాయి. ఆలస్యమైపోయింది.

ఆ మర్నాడు నీళ్లు పెట్టడానికి వెళ్లిన కాలీపాకు, మామగారు నాటిన మొదటి చెట్టు పైకొమ్మకు ఓ నీలం పీలిక కనిపించింది. మొగుడి పండగ చొక్కా గుడ్డ అది.

"అదేంటి?" అంది.

"పురుగుకి," అన్నాడు తుర్దుబాయ్, మొహం తిప్పుకొని.

"పురుగుకైతే మోకాలెత్తున కదా కట్టేది?"

ఆయన పార తీసుకుని, ఉన్న కాలవనే మళ్లీ తవ్వడం మొదలుపెట్టాడు.

"ముడి వెయ్యడం కూడా రాదు నీకు," అంటూ కాలీపా మునివేళ్ల మీద లేచి, ఆ పీలికను గట్టిగా బిగించింది.